స్ప్రాట్ వంతు

జనవరి 6, ఆదివారం

నిన్న మా పబ్బు షటిల్ మూసేశారు.

మా అన్న కూతురు జోన్ ప్రతి క్రిస్మస్‌కీ నాకొక డైరీ కొనిస్తుంది. ప్రతి ఏడూ అది పొయ్యి రాజెయ్యడానికి పనికొచ్చేది. ఈసారి ఇందులో రాస్తున్నాను. రాత నాకు చేతకాదు. బడిలో ఉన్నన్నాళ్లూ వెనక బెంచీ, ఆ తర్వాత మగ్గాల మిల్లు. తప్పులుంటే ఉంటాయి, చూసేవాడెవడు. నోటితో మాట్లాడితే గోడకి చెప్పుకున్నట్టుంది. అందుకని కాగితానికి చెబుతున్నాను.

నిన్న పబ్బు కిక్కిరిసిపోయింది. ఏళ్ల తరబడి గుమ్మం తొక్కనివాళ్లు కూడా వచ్చారు. "అయ్యో, మా నాన్న ఇక్కడే తాగేవాడు" అంటూ గోడల ముందు నిలబడి ఫోటోలు దిగారు. వీళ్లలో సగం మంది నెలకొక్కసారి వచ్చి ఒక గ్లాసు తాగినా ఇది మూతపడేది కాదు. ఆ మాట పైకే అన్నాను. మావిస్ నా వైపు చూసి, "ఇవాళొద్దు ఆర్నల్డ్, ఇవాళొద్దు బంగారం" అంది. మొగుడు పోయాక షటిల్‌ని ఒంటిచేత్తో నడిపింది మావిస్. అందర్నీ బంగారం అనే పిలుస్తుంది, తాగి తలుపు పగలగొట్టినవాణ్ణి కూడా. పబ్బు సొంతదారులైన బీరు కంపెనీవాళ్లు అద్దె పెంచుకుంటూ పోయారు. బీరు మా దగ్గరే కొను, మేం చెప్పిన రేటుకే కొను అన్నారు. సిగరెట్లు బయటికెళ్లి కాల్చుకోమని చట్టం వచ్చాక, వానలో బయటికెళ్లినవాళ్లలో కొందరు అటునుంచటే ఇంటికి పోయారు, మళ్లీ రాలేదు. ఇక నావల్ల కాదంది మావిస్. వేల్స్‌లో సముద్రం ఒడ్డున చెల్లెలుంది, అక్కడికి పోతోంది.

వెనక గదిలో మాత్రం ఎప్పుడూ ఉండేవాళ్లమే ఉన్నాం. నేను, స్ప్రాట్, బస్సులు నడిపిన డెనిస్, ఇంకో ఇద్దరు ముగ్గురు. డామినో బిళ్లల ఆఖరి ఆటలో నేనూ స్ప్రాటూ ఒక జట్టు, గెలిచాం. డామినోల పెట్టె మావిస్ నా చేతిలో పెట్టింది. ఎందుకు అన్నాను. "మరి ఎవరికివ్వను, కంపెనీవాడికా?" అంది.

సామాను లారీ వస్తుందని మధ్యాహ్నమే తలుపేసింది. అందరం బయట ఫుట్‌పాత్ మీద నిలబడ్డాం. ఎవరూ కదలరు. డెనిస్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. చివరికి స్ప్రాట్ "సరే మరి" అన్నాడు. "సరే మరి" అన్నాను నేను. వాడు కాలవ వంతెన వైపు, నేను దిగువకి. రోజూ అంతే కదా.

ఏడవలేదు. వాన పడుతోంది.

జనవరి 7, సోమవారం

టీ తాగాను. టీవీ చూశాను. రాయడానికేం లేదు.

జనవరి 9, బుధవారం

ఇది పేపరు వేళ. స్ప్రాట్ గ్లాసు పక్కకి జరిపి, పేపరు బల్ల మీద పరిచి, పైకి చదివేవాడు. ముందు చావు కబుర్లు, తర్వాత ఊరి కౌన్సిల్‌వాళ్ల వెధవ పనులు, ఆఖరున ఫుట్‌బాల్. మనసులో చదువుకోలేవురా అని ఎన్నిసార్లు విసుక్కున్నానో. పైకి చదివితే గాని బుర్రకెక్కదు అనేవాడు. వాడికదో జబ్బు. నేను వినేవాణ్ణి, పక్కనే కూర్చున్నాక వినక చస్తామా. నా జేబులో ఏదైనా ఉత్తరం కనబడితే అది కూడా లాక్కుని చదివిపెట్టేవాడు, అడగకుండానే. నేను కళ్లద్దాలు ఎప్పుడూ ఇంట్లోనే మరిచిపోతాను.

సన్నగా, నెరిసిన జుట్టుతో ఉంటాడని స్ప్రాట్ అని ఆ వెండి చేపపిల్ల పేరు ఎవరో పెట్టారు. అసలు పేరేమిటో నేనెప్పుడూ అడగలేదు. వాడూ చెప్పలేదు.

కౌన్సిల్ నుంచి ఉత్తరమొకటి వచ్చింది. అలమారా మీద పెట్టాను.

జనవరి 12, శనివారం

సూపర్ మార్కెట్ నుంచి డబ్బా బీరు తెచ్చుకున్నాను. అక్కడ అది మంచినీళ్లకన్నా చవక. కుర్చీలో కూర్చుని, గ్లాసులో పోసుకుని, టీవీ కట్టేసి తాగాను. సగం తాగి సింకులో పారబోశాను. బీరు బాగానే ఉంది. తర్వాతది ఎవరిది అని అడగడానికి ఎవరూ లేరు.

నాకూ స్ప్రాట్‌కీ మధ్య పద్ధతి ఒకటే. ఇద్దరి గ్లాసులకీ డబ్బు ఒక రౌండు వాడిది, ఒక రౌండు నాది. నలభై ఏళ్లలో తప్పలేదు. మిల్లు మూతపడిన ఏడు, నా వంతు కొనలేని వారమైతే అసలు షటిల్ గుమ్మమే తొక్కలేదు. స్ప్రాట్ కూడా 'రారా నేను పోయిస్తా' అనలేదు. అంటే వాడి మొహం మళ్లీ చూసేవాణ్ణి కాదు. వంతు తప్పి కొనడమంటే నీకు గతి లేదురా అని పదిమందిలో అన్నట్టు. మా వెనక గదిలో పుట్టి బుద్ధెరిగినవాడెవడూ ఆ పని చెయ్యడు.

జనవరి 13, ఆదివారం

ఒక చలికాలం నాకు రొమ్ము పట్టేసింది. మంచం దిగలేకపోయాను. రెండు రోజులు షటిల్‌కి వెళ్లకపోయేసరికి మావిస్ మొగుడు వచ్చి కిటికీ కొట్టాడు, అప్పటికి బతికే ఉన్నాడు. "ఉన్నావా?" అన్నాడు. "ఉన్నా" అన్నాను. ఆ గొంతు విని వెళ్లిపోయాడు. కాసేపటికి డాక్టరొచ్చాడు. మావిస్ పంపింది. ఎవరిల్లు ఎక్కడో అంతా ఆవిడ బుర్రలో ఉండేది. ఒకరిల్లు ఒకరం తెలుసుకోవాల్సిన అవసరం మాకెవరికీ లేకపోయింది.

ఆవిడ ఫోను నంబరు తీసుకోలేదు. ఎందుకు తీసుకుంటాను, ఎప్పుడూ అక్కడే ఉండేదిగా.

జనవరి 17, గురువారం

పాలకి వెళ్లి షటిల్ మీదుగా వచ్చాను. అది దారే, చుట్టు తిరుగుడేం కాదు. తలుపుకి కాగితం అంటించారు. దారిన పోయే ఆవిణ్ణి ఆపి, కళ్లద్దాలు తేలేదమ్మా ఏముందందులో అన్నాను. ఫ్లాట్లు కడతారట. వెనక గదిని రెండు బాత్‌రూములు చేస్తారట.

స్ప్రాట్ అటు రాలేదు.

జనవరి 19, శనివారం

మంచు. అయినా బజారులో ఆ పెద్ద పబ్బుకి వెళ్లాను. బస్సు వచ్చేదాకా చలి కాచుకుందామని. లోపల రైల్వే స్టేషనంత ఉంది. గోడకి నాలుగు టీవీలు. మగ్గాల మోతకి నా చెవులు ఎప్పుడో సగం పోయాయి, మిగిలిన సగం అక్కడ పోయాయి. కౌంటరు పిల్ల ఏదో అడిగింది. మూడుసార్లు అడిగింది. టేబులు నంబరు ఎంత తాతా, అంటోంది. నాకెందుకమ్మా నంబరు, నేనేం ఖైదీనా అన్నాను. నవ్వింది పాపం, మంచిపిల్లే. ఒక్కొక్క టేబులుకీ ఒక్కొక్కడు, ఎవడి ఫోను వాడు చూసుకుంటున్నాడు.

స్ప్రాట్ అక్కడ లేడు. నేను వాడికోసం వెళ్లలేదనుకో.

జనవరి 24, గురువారం

సూపర్ మార్కెట్ క్యూలో డెనిస్ కలిశాడు. చేతిలో బుట్ట, బుట్టలో సూపు డబ్బాలు. వాడి భార్య కూడా పక్కనే ఉంది. ఇన్నేళ్లలో ఆవిణ్ణి చూడటం ఇదే మొదలు. మధ్యలో బల్ల లేకపోతే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు మాకు.

"స్ప్రాట్ ఎలా ఉన్నాడు?" అని అడిగాడు డెనిస్.

"నన్నడుగుతావేం, నువ్వు చూడటం లేదా?"

"నేనా? మీరిద్దరూ కలుసుకుంటున్నారనుకున్నాను."

మిగతావాళ్లు చూసి ఉంటారులే అని ఇద్దరం అనుకున్నాం. క్యూ కదిలింది.

జనవరి 26, శనివారం

వాడు బాగానే ఉంటాడు. వాడికేం, నాకన్నా రెండేళ్లు చిన్న.

డిసెంబరులో దగ్గుతుండేవాడు. అది నాకూ ఉంది.

జనవరి 29, మంగళవారం

నడక మంచిదని జోన్ ఫోను చేసినప్పుడల్లా చెవిలో జోరీగలా చెబుతుంది. సరేనని కాలవ వంతెన దాటి ఎగువ వీధుల్లోకి వెళ్లాను. అక్కడన్నీ ఒక్కలాంటి ఇళ్లు, మిల్లు కూలీల కోసం కట్టినవి. ఇప్పుడు పాకిస్తానీ కుటుంబాలు ఎక్కువ. వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మళ్లీ పక్క వీధి. ఏ తలుపని కొట్టను. కొట్టి ఏమడగను, స్ప్రాట్ ఉన్నాడా అనా? పిచ్చివాణ్ణి అనుకుంటారు.

మోకాలు పీకుతోంది.

జనవరి 31, గురువారం

నడక. అటే.

ఫిబ్రవరి 2, శనివారం

నడక. మన టీము మళ్లీ ఓడింది. స్ప్రాట్ ఉంటే గోల్‌కీపర్ని ఏమనేవాడో నాకు తెలుసు. నేనే పైకి అనుకున్నాను.

ఫిబ్రవరి 5, మంగళవారం

ఇవాళ దొరికాడు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎగువ వీధిలో బస్టాపు బెంచీ మీద కాలు నొప్పికి కూర్చున్నాను. ఒకమ్మాయి, ముప్పై ముప్పై అయిదేళ్లుంటాయి, తలమీద దుపట్టా, బిడ్డని స్కూలుకి దింపి వస్తోంది. నా ముందు ఆగి, "అంకుల్, ఇక్కడ బస్సు ఆగదు. ఎప్పుడో తీసేశారు" అంది. బస్సు కోసం కాదన్నాను. "మరి? మొన్న కూడా మిమ్మల్ని చూశాను. అంతకుముందు కూడా" అంది. ఇరుక్కుపోయాను. చెప్పాను. సన్నగా ఉంటాడు, నీలం టోపీ, నడిస్తే ఎడమ పక్కకి ఒరుగుతాడు.

"సిరిల్ అంకులా?" అంది.

సిరిల్ అట. నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లూ ఆ పేరు దాచుకున్నాడంటే వాడిది తప్పేం లేదు.

ఆ అమ్మాయి పేరు నస్రీన్. మొగుడు టాక్సీ నడుపుతాడు. స్ప్రాట్‌ది వాళ్ల గోడవతల ఇల్లే. మంగళవారం చెత్తడబ్బా వాళ్లది కూడా వాడే బయటపెట్టేవాడట, ఈ మధ్య పెట్టడం లేదట. "మీరు ఆయన స్నేహితులా?" అంది. అవునన్నాను. "ఎన్నాళ్లుగా?" నలభై ఏళ్లన్నాను. ఆగి నా మొహంలోకి చూసింది. "నలభై ఏళ్ల స్నేహితుడి ఇల్లు తెలియదా అంకుల్?" అంది. తప్పుపట్టి కాదు, నిజంగా అర్థంకాక. మగవాళ్లం ఒకరి ఇళ్లకి ఒకరం పోము. ఇల్లు భార్యలది. భార్యలు పోయాక కూడా ఇల్లు వాళ్లదే.

వట్టి చేతులతో ఎలా వెళ్తాను. మూలమీద కొట్లో రెండు సీసాల నల్లబీరు కొన్నాను. ఆ అమ్మాయి తలుపు చూపించి వెళ్లిపోయింది.

కొట్టాక చాలాసేపటికి తెరుచుకుంది, జానెడు.

"ఏమోయ్" అన్నాడు.

"ఏమోయ్" అన్నాను.

కోటు వేసుకుని ఉన్నాడు, టోపీ, మెడకి మఫ్లరు. బయటికి పోతున్నావా అన్నాను. లేదన్నాడు. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది, లోపల నిలబడినవాడికి. గడ్డం పెరిగింది. గడ్డం గీసుకోకుండా వాడు షటిల్‌కి ఒక్కనాడూ రాలేదు.

"లోపలంతా చిందరవందరగా ఉంది" అన్నాడు.

"ఆగడానికి రాలేదులే. ఇటు పనుండి వచ్చాను" అన్నాను. సీసాలిచ్చాను. "ఇది నా రౌండు."

తీసుకున్నాడు. చెయ్యి వణికి సీసాలు ఒకదానికొకటి తగిలాయి. చలి మరి. వాడి మొహంలో ఏదో కదిలింది, నవ్వే అనుకుంటాను.

"తర్వాతది నాది" అన్నాడు.

"నీదే" అన్నాను.

ఫుట్‌బాల్ గురించి నాలుగు మాటలనుకున్నాం. గోల్‌కీపర్ని నేననుకున్న మాటే అన్నాడు. "సరే మరి" అన్నాడు. "సరే మరి" అన్నాను. డామినోల పెట్టె నా కోటు జేబులోనే ఉంది. తీయలేదు. గుమ్మంలో నిలబడి ఎవరాడతారు.

నస్రీన్ తన గుమ్మంలోనే కాచుకుని ఉంది. లోపలికెళ్లారా అని అడిగింది. లేదన్నాను. ఎందుకని? పిలవలేదు కాబట్టి అన్నాను. తన ఇంట్లోకి రమ్మని టీ ఇచ్చింది, వద్దన్నా వినలేదు. అందులో యాలకులు. పర్వాలేదు.

వాడు బాగానే ఉన్నాడు. కళ్లారా చూశాను.

ఫిబ్రవరి 6, బుధవారం

బాగానే ఉన్నాడు. మనసు కుదుటపడింది. కాస్త తగ్గాడంతే. ఈ చలికి ఎవడు తగ్గడు.

ఫిబ్రవరి 10, ఆదివారం

నా వంతు అయింది. ఇక వాడి వంతు.

ఫిబ్రవరి 13, బుధవారం

ముందు గది తుడిచాను. పొయ్యి దగ్గరికి రెండో కుర్చీ జరిపాను. కుర్చీ కింద తుడవాలి కాబట్టి జరిపాను, మళ్లీ వెనక్కి నెట్టడానికి నడుం సహకరించలేదు. అక్కడే ఉంది.

సందె వేళ తలుపు చప్పుడైంది. వెళ్లేసరికి ఏదో ప్రచారం కాగితం, పిజ్జాలవాళ్లది.

ఫిబ్రవరి 18, సోమవారం

రాలేదు.

జోన్ ఫోను చేసింది. అలమారా మీద ఉత్తరం సంగతి చెబితే, బాబాయ్ అది చదివి చెప్పు అంది. కళ్లద్దాలు కనబడటం లేదన్నాను. వచ్చే వారం వస్తానంది. వచ్చే వారం అంటే ఆవిడకి వచ్చే నెల.

ఫిబ్రవరి 21, గురువారం

వెళ్దామని కోటు వేసుకున్నాను. బూట్లు కూడా వేసుకున్నాను. మళ్లీ విప్పాను.

నేను వెళ్తే ఏమవుతుంది? వాడు కొనకముందే నేను రెండోది కొన్నట్టవుతుంది. వాడి తలుపు ముందు నిలబడి, నీ వల్ల కాదులేరా, నేనే వచ్చాను అని చెప్పినట్టు. ఆ గడ్డం, ఆ చెయ్యి, అవన్నీ చూశాను కాబట్టే వెళ్లకూడదు. చూసి మరీ చేస్తే అది దెబ్బకొట్టడమే. వాడే నా స్థానంలో ఉంటే అలా చెయ్యడు. చెయ్యలేదు కూడా, మిల్లు మూతపడిన ఏడు.

వాడు మాటన్నాడంటే మాటే. తర్వాతది నాది అన్నాడు.

ఫిబ్రవరి 25, సోమవారం

రాలేదు. చలి ఎక్కువగా ఉంది. ఎండకాస్తే వస్తాడు.

మార్చి 1, శుక్రవారం

ఎండ కాసింది.

మార్చి 5, మంగళవారం

నిన్న వెళ్లాను. వాడికోసం అని కాదు, ఆ అమ్మాయి టీ ఇచ్చింది కదా, ఆ బిడ్డకి చాకొలెట్లు ఇచ్చి వద్దామని.

స్ప్రాట్ తలుపు లేదు. తలుపుండాల్సిన చోట కొత్త చెక్కపలక మేకులు కొట్టి ఉంది.

నస్రీన్ నన్ను చూసి బయటికొచ్చింది. ఏడ్చింది. నేను చాకొలెట్ల పొట్లం పట్టుకుని నిలబడ్డాను. తన అక్క కూతురి పెళ్లికి బ్రాడ్‌ఫోర్డ్ వెళ్లారట అందరూ. తిరిగొచ్చాక గోడవతల చప్పుడు లేదట. కిటికీ కొట్టింది, పిలిచింది, పోలీసులకి ఫోను చేసింది. వాళ్లొచ్చి తలుపు పగలగొట్టారు. వంటింట్లో నేలమీద ఉన్నాడట. పడి, లేవలేక. కొన్నాళ్లయిందన్నారట. ఎన్నాళ్లో నేనడగలేదు. తను చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టాను.

"మీకు చెబుదామంటే మిమ్మల్ని ఎక్కడ వెతకాలో మాకు తెలియలేదంకుల్" అంది.

తర్వాత ఇది చెప్పింది. నేను వచ్చి వెళ్లిన తర్వాత వారంలో స్ప్రాట్ వచ్చి నస్రీన్ వాళ్ల తలుపు కొట్టాడట. ఆర్నల్డ్ ఇల్లెక్కడో తెలుసా అని అడిగాడట. ఏ ఆర్నల్డ్ అంటే, డామినోల ఆర్నల్డ్ అన్నాడట. వాళ్లకేం తెలుసు. ఆ తర్వాత తన మొగుడు టాక్సీలో వస్తూ వాణ్ణి షటిల్ ముందు చూశాడు. మూసేసిన తలుపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడట, చేతిలో సంచీ, సంచీలో రెండు సీసాలు. ఎక్కండి ఇంటికి తీసుకెళ్తానంటే, ఆయన ఇటు వస్తాడు, ఆగుతాను అన్నాడట. వాన కూడా పడుతోందట. బలవంతాన తీసుకొచ్చాడు. రెండు రోజులయ్యాక మళ్లీ అక్కడే కనబడ్డాడట.

నేను ఆ దారి మానేశాను అప్పటికి. ఇంట్లో కూర్చుని ఉన్నాను, వాడొస్తాడని.

మార్చి 6, బుధవారం

నా ఇల్లు వాడికి తెలియదు.

మార్చి 7, గురువారం

గుమ్మంలో నిలబడ్డప్పుడు చెప్పి ఉండాల్సింది. ఫలానా వీధి అని ఒక్క ముక్క. వాడడిగితే చెప్పేవాణ్ణి. వాడు అడగలేదు. అడిగితే ఇంటికి పిలవమని దేబిరించినట్టుంటుందని అడిగి ఉండడు. నేనైనా అడగను.

వాడిది తప్పు కాదు. నాదీ తప్పు కాదు. పద్ధతి ప్రకారమే చేశాం ఇద్దరం.

మార్చి 8, శుక్రవారం

నా ఇల్లు వాడికి తెలియదు.

మార్చి 14, గురువారం

ఇవాళ అయిపోయింది. కౌన్సిల్‌వాళ్లే చేశారు, ఎవరూ లేరు కాబట్టి. దహనవాటికలో నేను, డెనిస్, వెనక వరసలో నస్రీన్, ఆవిడ మొగుడు. డెనిస్‌కి కబురు నేనే పెట్టాను, సూపర్ మార్కెట్లో రెండు రోజులు పొద్దంతా నిలబడి పట్టుకున్నాను. పాదిరీకి స్ప్రాట్ ఎవరో తెలియదు. ఆయన గురించి ఏమైనా చెబుతారా అని నన్నడిగాడు. ఏం పని చేశాడు, ఏ ఊరు, పిల్లలున్నారా. ఒక్కటీ తెలియదు నాకు. లేచి నిలబడి ఇలా అన్నాను. "డామినోల్లో చేతిలో ఎంత మంచి బిళ్ల ఉన్నా మొహంలో కనబడనిచ్చేవాడు కాదు. చెడ్డ బిళ్లలున్నా అంతే. పేపరు బాగా చదువుతాడు, అవతలివాడికి అర్థమయ్యేలా." ఇంకేదో అనాలనుకున్నాను. కూర్చున్నాను.

బయటికొచ్చాక ఎటు పోవాలో తెలియలేదు. ఇదివరకైతే అడిగే పనిలేదు, అందరం షటిల్‌కే. మావిస్ పంది మాంసం కూరిన పిండి పైలు, బఠాణీలు వండి ఉంచేది, మొదటి గ్లాసు పోయినవాడి పేరున. చావుకి మా ఊళ్లో ఇక చోటు లేదు. నస్రీన్ డబ్బాలో సమోసాలు తెచ్చింది. కార్ల మధ్య నిలబడి తిన్నాం. డెనిస్‌కి కారం ఎక్కువై కళ్లలో నీళ్లొచ్చాయి. కారమే అన్నాడు.

డెనిస్ బస్సుకి టైమైందన్నాడు. వెళ్తుంటే వెనకాల వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. ఎప్పుడూ అలా పట్టుకోలేదు. వాడు బెదిరిపోయాడు.

"నాది హోల్డెన్ వీధి. చర్చి పక్క సందులో. ఆకుపచ్చ తలుపు" అన్నాను.

నా వైపు చూశాడు. "ఏం ఆర్నల్డ్? ఏమైనా అవసరమా?"

"ఏమీ లేదు. చెబుతున్నాను అంతే."

"ఓహో" అన్నాడు. "మంచిది."

వాడి ఇల్లెక్కడో చెప్పలేదు. కాసేపు ఆగాను, చెబుతాడేమోనని. బస్సొచ్చింది.

మార్చి 24, ఆదివారం

మళ్లీ మంచు. ఈ ఏడు వసంతం వచ్చేలా లేదు. డెనిస్ రాలేదు. వస్తాడని కాదు.

ఇవాళ్టి నుంచి వీధి తలుపుకి గడియ వెయ్యడం మానేశాను. జోన్‌తో ఫోనులో అంటే దొంగలొస్తారు బాబాయ్ అని గోల చేసింది. రానీ, వాళ్లయినా చూస్తారు. ఊరికే తోస్తే తెరుచుకుంటుంది. మంచి ఓక్ చెక్క, ఆ రంగు నేనే వేశాను. నాకోసం దాన్ని పగలగొట్టక్కర్లేదు.